నవ్వొద్దన్న ఫోటో సారు

ఫోటో సారు చనిపోయాడని తెలిసి మా ఊరి ఓబులక్క ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

కంటి డాక్టరుకు చూపించుకుని మార్కాపురం బస్టాండులో నిలబడినప్పుడు ఆయన ఫ్లెక్సీ చూశాను. కళ్ళలో మందు వేసి పంపారు కాబట్టి అక్షరాలు అలికినట్టున్నాయి గానీ మనిషిని మాత్రం పోల్చుకున్నాను. తెల్ల గడ్డం, మెడలో కెమెరా, ఒక కన్ను సగం మూసిన చూపు. కింద ఏం రాసుందని పక్కన నిలబడిన కాలేజీ పిల్లను అడిగితే చదివి చెప్పింది. పేదల కన్నీటిని ప్రపంచానికి చూపించిన మహానుభావుడట. మా కన్నీటి సంగతి నాకు తెలుసు. ఆయన వచ్చిన రోజు మాలో ఎవరూ ఏడవడం లేదు.

తరువాత ఎవరో ఫోన్ చేశారు. ఆయన జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నారట.

"మీరు పత్రికలకు రాస్తారంట గదమ్మా. సారు గురించి రెండు పేజీలు రాసియ్యండి. మంచి జ్ఞాపకాలు."

"మంచివి లేకపోతే?"

"ఏదో ఒకటి ఉంటది లేమ్మా," అని నవ్వాడు.

వాళ్ళు ఇది వేయరని తెలుసు. పోయిన మనిషిని తిట్టడమేందని ఓబులక్క కూడా కోప్పడింది. నేను తిట్టడం లేదు. ఆయన ఎట్లా ఉండేవాడో రాస్తున్నాను.

ఆయనకు మా పేర్లు తెలియవు. ముప్పై ఏళ్ళ పరిచయంలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఆయన విడివిడిగా తీసిన ఫోటోల్లో ఎవరి చేతిలో ఏముందో అదే వాళ్ళ పేరు. నేను కడవక్క. ఓబులక్క చీపురక్క. ఇంకొకామె మేకక్క. ఆ మేకపిల్ల ఆమెది కూడా కాదు, బాగుంటుందని ఆయనే ఎత్తుకోమన్నాడు. తరువాత ఎప్పుడు ఊరికి వచ్చినా "మేకక్క బాగుందా?" అని అడిగేవాడు. ఆమె చనిపోయిందని రెండుసార్లు చెప్పాం. మూడోసారి కూడా అడిగాడు.

కెమెరా అద్దం మీద దుమ్ము పడితే తుడుచుకోవడానికి ఆయన దగ్గర గుడ్డ ఉండేది కాదు. దగ్గరలో ఎవరి కొంగు ఉంటే అది అందుకుని తుడిచేవాడు. మేము లాక్కునేలోపు పని అయిపోయేది. "ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరను మించింది లేదక్కా," అని మెచ్చుకునేవాడు. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మా ముఖాలను వెలుతురు వైపు తిప్పేవాడు. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. సంతలో గొర్రె పళ్ళు చూసేవాళ్ళు అంతకంటే మెల్లగా పట్టుకుంటారు.

కాళ్ళకు చెప్పులుంటే విప్పించేవాడు. తలకు నూనె పెట్టుకుని దువ్వుకుంటే దిగులుగా చూసి, రెండు వెంట్రుకలు లాగి ముఖం మీద పడేసేవాడు. ఎవరింటికి వచ్చినా "ఆకలేస్తాందక్కా, మీరు తినేదే పెట్టండి," అనేవాడు. జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి పెడితే ముందు దానికి ఫోటో తీసి, రెండు ముక్కలు కొరికి, మిగిలింది పళ్ళెంలోనే వదిలేసి లేచేవాడు. రొట్టె చేసిన మనిషి ఆ పళ్ళెం వైపు చూస్తూ నిలబడేది.

సభల్లో మాట్లాడేటప్పుడు ఆయనకు గొంతు పూడుకుపోయేది. మా కష్టాలను మాకంటే బాగా చెప్పేవాడు. ఒంగోలులో ఒకసారి నేను కింద కూర్చుని వింటూ, పాపం ఎవరో ఈమె, ఎన్ని బాధలు పడిందో అనుకున్నాను. ఆయన చెబుతున్నది నా గురించి అని చివర్లో తెలిసింది. నా మొగుడు నన్ను గొడ్డలితో కొట్టాడని చెప్పాడు. నా మొగుడు తాగేవాడు గానీ నన్నెప్పుడూ కొట్టలేదు. కిందికి దిగాక అడిగితే, "నువ్వొక్కదానివే అనుకోవద్దక్కా, నీలో అందరు ఆడవాళ్ళున్నారు," అన్నాడు.

ఇక ఆ ఫోటో గురించి చెప్పాలి. దాని వల్లే ఆయనకు పేరు వచ్చింది.

మాది కొమరోలు పక్క ఊరు. సారా ప్యాకెట్లు వీధివీధికి అమ్ముతున్న రోజులవి. మా ఊరికి సాయంత్రం బడి వచ్చింది. నలభైకి దగ్గర పడ్డాక నేను అక్కడే అ ఆలు దిద్దాను. మా అత్త కూడా వచ్చేది గానీ దిద్దేది కాదు. గోడకు ఆనుకుని కూర్చుని మా అక్షరాలను చూసి నవ్వేది. "నీ 'ఈ' చూస్తే కుందేలు పరిగెత్తినట్టుంది," అనేది. ఆమె నవ్వు చిన్నది కాదు. కడుపు పట్టుకుని, గోడ పట్టుకుని, పక్కవాళ్ళ భుజం పట్టుకుని నవ్వేది. మా మామ పోయినప్పుడు కూడా, పాడె కట్టేవాళ్ళు తాడు చాలక గొర్రెను కట్టేసిన తాడు విప్పితే, గొర్రె లేచి పాడె వెనక నడిచిందని ఏడుస్తూనే నవ్వింది.

ఆమె కొడుకు, అంటే మా ఆయన, మందకు ముందు నడిచే గంటగొర్రెను సారా కొట్టువాడికి తోలిచ్చాడు. ఆ రోజు మాత్రం అత్త నవ్వలేదు. కొడుకును ఒక్క మాట అనలేదు. మరుసటి రోజు మమ్మల్నందరినీ వెంటేసుకుని కొట్టు ముందుకు పోయింది. బస్తాలు బయటికి లాగి నడిరోడ్డు మీద పోసి, ప్యాకెట్లు పంటితో చించి పారబోసి, అన్నీ తగలబెట్టాం. పోలీసులు వచ్చి విజిళ్ళు వేసి మమ్మల్ని జీపెక్కించి, పొద్దుగూకే లోపల దింపి పోయారు.

ఫోటో సారు ఆ మరుసటి రోజు మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. అప్పటికి మార్కాపురంలో స్టూడియో ఉండేది ఆయనకు, పేపరుకు కూడా ఫోటోలు పంపేవాడు. బూడిద చుట్టూ తిరిగి చూసి నిట్టూర్చాడు.

"మంట పోయింది గదక్కా. మళ్ళీ ఒకసారి పెట్టండి."

"ఏం పెట్టాలయ్యా? అన్నీ కాలిపోయినాయి," అంది ఓబులక్క.

"అయితే కుండలు పగలగొట్టండి."

"మాకు సారా ప్యాకెట్లల్లో వచ్చేది. కుండలేడివి?"

"ఫోటోలో ప్యాకెట్టు ఏం కనపడతదక్కా? కుండ పగిలితే చప్పుడు గూడా కనపడతది."

మాకేం తెలుసు. పేపరు మనిషి చెప్తున్నాడని ఇళ్ళకు పోయి నీళ్ళ కడవలు తెచ్చాం. అత్త కూడా తన కడవ తెచ్చింది. ఊరికి దూరంగా ఉన్న బోరు నుంచి నీళ్ళు మోసే కడవలు అవి. మమ్మల్ని బూడిద వెనక వరసగా నిలబెట్టి, కడవలు తలల పైకి ఎత్తమన్నాడు.

"కోపంగా చూడండి. నవ్వొద్దు."

అత్త నవ్వింది.

"అవ్వా, నవ్వొద్దు. నీ కోపం చూపించు."

"నా కడవ నేనే పగలగొట్టుకుంటా కోపం ఎవరి మీద పడాల నాయనా?" అని ఇంకా నవ్వింది. మేమూ నవ్వాం. ఆయన నవ్వలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ గడ్డం పట్టుకుని సర్దాడు. మా నవ్వులు ఆగాయి. అత్తది ఆగలేదు. "ఆపమంటే ఇంకా వస్తది నాయనా, నేనేం జేసేది," అంటూ చివరలో నిలబడి కడవ ఎత్తి పట్టుకుంది. ఆయన "కొట్టండి!" అని అరిచాడు. కొట్టాం. "మళ్ళీ ఒకసారి," అన్నాడు. కడవలు అయిపోయేదాకా మళ్ళీ ఒకసారి అంటూనే ఉన్నాడు. ఆ సాయంత్రం బోరు దగ్గర అన్నం గిన్నెలతో నీళ్ళు పట్టుకున్నాం.

ఫోటో పేపర్లో వచ్చిందనీ, సారా కొట్టు మూతపడటానికి అది కూడా ఒక కారణమనీ ఓబులక్క అంటుంది. కాదనను. ఆ పేపరు మా ఊరికి రాలేదు. కొమరోలులో ఎవరో చూశామన్నారు, మేమెవరం చూడలేదు.

తరువాత కొన్నాళ్ళకే అత్త జ్వరంతో చనిపోయింది. ఓటరు కార్డులకు ఫోటోలు తీసేవాళ్ళు ఊరికి వచ్చేసరికి ఆమె లేదు. పెద్దకర్మ రోజు దండ వేయడానికి ఫోటో కోసం అందరూ వెతికారు. లేదు. పీట మీద దీపం పెట్టి, దాని పక్కన ఆమె చేతికర్రకు దండ వేశాం. అప్పుడు మా ఆయన నాతో అన్నాడు. "ఆ ఫోటో ఆయన తీసినాడు గదా. అందులో అమ్మ ఉంటది. అడుగు."

అడిగాను. ఆయన ఎప్పుడు కనపడినా అడిగాను. "భద్రంగా ఉందక్కా. ఈసారి తెస్తా," అనేవాడు. నా బతుకులో రాసిన మొదటి ఉత్తరం ఆయనకే. ఒక కార్డు మీద, మా అత్త ఉన్న ఫోటో పంపించండి, ఆమెది ఇంకొకటి లేదు అని రాశాను. వంకర అక్షరాలు, తప్పులు. జవాబు రాలేదు. ఏడాది తిరిగాక బడి నడిపే సంస్థవాళ్ళు గోడ క్యాలెండరు పంచారు. అందులో ఒక నెల పైన నా కార్డు ఉంది. ఆయన దాన్ని కిటికీ వెలుగులో పెట్టి అందంగా ఫోటో తీశాడు. కింద ఆయన పేరు వేశారు. కార్డులో ఏం అడిగానో చదివినవాళ్ళు ఎవరైనా ఆయనను ఆ ఫోటో పంపావా అని అడిగారో లేదో నాకు తెలియదు.

ఆయన హైదరాబాదు పోయాడు, పెద్దవాడయ్యాడు. చాలా ఏళ్ళ తరువాత, మేమందరం ముసలివాళ్ళం అయ్యాక, ఫోన్ చేశాడు.

"కడవక్కా, హైదరాబాదు రావాల మీరు. కారు పంపిస్తా. మన ఫోటోను గోడంత చేసి పెట్టినారు."

"ఎక్కడ పెట్టినారు సారూ?"

"ఒక చోట కొత్తగా తెరుస్తన్నారు. మొత్తం మీ పోరాటం మీదనే కట్టినారు. పెద్దపెద్దోళ్ళు వస్తారు. పాత చీరలు కట్టుకోని రండి."

"మా అత్త ఉంటదా అందులో?"

"అందరూ ఉంటారక్కా. నీ కళ్ళతో నువ్వే చూసుకో."

మా ఆయన తాగుడు మానేసి చాలా కాలమైంది. తల్లి మాట వస్తే ఇప్పటికీ తల దించుకుంటాడు. నేను బయలుదేరే రోజు తన ఫోన్ నా సంచిలో పెట్టాడు.

"నీదాంట్లో మసక వస్తది. దీంతో తియ్. దగ్గరికి పోయి అమ్మ ముఖం ఒక్కటే వచ్చేటట్టు తియ్. దూరం నుంచి అందర్నీ కలిపి తీసుకొస్తే నాకు తెలవదు."

"తీసుకొస్తాలే."

"నవ్వుతా ఉండాల గదా అందులో?"

"నవ్వకుండా ఎప్పుడుంది ఆమె?"

కారులో నేనూ ఓబులక్కా పోయాం. ఫోటోలో ఉన్నవాళ్ళలో మేమిద్దరమే మిగిలాం. దోర్నాల దాటి ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ఓబులక్క వాంతి చేసుకుంది. అయినా పట్టుచీర మడత నలగనివ్వలేదు.

"పాత చీర కట్టుకోమన్నాడు గదా అక్కా."

"హైదరాబాదుకు పాత చీరలో పోవాల్నా? నా కోడలు వీడియో కాల్ చేస్తానంది చెల్లా."

మమ్మల్ని చూడగానే ఫోటో సారు ముఖం మాడిపోయింది. "ఏందక్కా, పెళ్ళికొచ్చినట్టు వచ్చినారు," అన్నాడు. అలవాటుగా ఒక కన్ను మూసి మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

సందులో కారు ఆగిన చోట పిండిమర ఉంది. మరకు బెల్టు లేదు. గోడ పొడవునా బస్తాలు పేర్చి ఉన్నాయి. లుంగీ కట్టుకున్న గడ్డపాయన ఒకడు స్టూలు మీద కూర్చుని మమ్మల్ని చూశాడు.

"ఏం ఆడించాలి?"

"ఏం తేలేదు నాయనా. సారు రమ్మంటే వచ్చినాం," అంది ఓబులక్క.

ఫోటో సారు వంగి మెల్లగా, "నూకలు అనండక్కా," అన్నాడు.

"నూకలెందుకు?"

"అంటేనే తలుపు తీస్తారు."

"మేం వచ్చినామని కనపడతనే ఉంది గదా ఆయనకు!"

"అదే దీని సరదా అక్కా. అనండి."

"నూకలు," అంది ఓబులక్క, అప్పు తీర్చమన్నట్టు. బస్తాలున్న గోడ పక్కకు జరిగింది.

లోపల సారా కొట్టు ఉంది. సినిమాకు కట్టినట్టు కట్టారు. సిమెంటుతో మట్టిగోడ, లాంతర్లలో కరెంటు బుడ్లు, పాత బెంచీలు. ఎదుటి మనిషి ముఖం సరిగ్గా కనపడనంత మసక. ఖరీదైన బట్టలు వేసుకున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇత్తడి గ్లాసులతో తాగుతున్నారు. మధ్యమధ్యలో ఎవరో పోలీసు విజిల్ వేస్తారు. అప్పుడు అందరూ గ్లాసులు బల్ల కింద దాచి కిలకిలా నవ్వాలి. మొదటి విజిల్‌కు ఓబులక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది.

"ఏం లేదక్కా, ఆట," అన్నాడు ఫోటో సారు.

"ఇదేంది సారూ, సారా కొట్టా?" అన్నాను.

"బార్ అనకూడదక్కా. ఇది ఒక అనుభవం. దాచిపెట్టిన కొట్టు. ఇప్పుడు ఇట్లాంటివే నడుస్తన్నాయి. మీ చరిత్ర గురించి ఈ తరానికి ఎవరు చెప్తారు?"

మా చరిత్ర బల్ల మీద అట్టముక్కపై అచ్చేసి ఉంది. చదవడం వచ్చు కాబట్టి చదివాను. 'చీపురు దెబ్బ' ఒక మందు. 'అత్త శాపం' ఇంకొకటి. 'కడవ' అంటే చిన్న మట్టిముంతలో పోసి ఇచ్చేది. తాగినాక ఆ ముంతను ఎదురుగా ఉన్న గోడ మొదట్లో విసిరికొట్టాలట. ఆ గోడ మీదే మా ఫోటో ఉంది. జనం అడ్డం ఉండటంతో నాకు కడవలు ఎత్తిన చేతులు మాత్రమే కనిపించాయి. ముంతలు పగులుతూనే ఉన్నాయి. పగలగొట్టిన ప్రతి మనిషీ నవ్వుతూనే ఉన్నాడు. ఒక్కరికి కూడా నవ్వొద్దని ఆయన చెప్పలేదు.

పొద్దున తిన్న సద్ది తప్ప కడుపులో ఏమీ లేదు. జొన్నరొట్టె అని తెచ్చి పెట్టింది రూపాయి బిళ్ళంత ఉంది. దాని మీద ఏదో పచ్చ నురుగు. ఓబులక్క నోట్లో వేసుకుని, "అయిపోయింది," అంది ఆశ్చర్యంగా.

అప్పుడు మా ముందు రెండు ప్లాస్టిక్ ప్యాకెట్లు పెట్టారు. అదే సైజు, అంచున అదే తెల్లటి అతుకు. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. ఓబులక్క అయితే ఆలోచించలేదు. ప్యాకెట్టు అందుకుని, మూల పంటితో చించి, గబగబా నేల మీద పోసేసింది. నా ముందున్నదీ లాక్కుని అదీ పోసింది. ఆ రోజు వందల ప్యాకెట్లు మేము అట్లానే చించాం. ఆ చేతులకు అదొక్కటే తెలుసు.

కొట్టులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఫోన్లు పైకి లేచాయి. ఇది కూడా ఆటలో భాగం అనుకున్నారు.

"అది నిమ్మకాయ నీళ్ళక్కా," అన్నాడు ఫోటో సారు, కెమెరా కంటికి పెట్టుకుంటూ. ఆయన గొంతు పూడుకుపోయింది. "చూసినారా, ఇన్నేళ్ళయినా అదే కోపం! మళ్ళీ ఒకసారి అక్కా. ఇంకో ప్యాకెట్ తెస్తారు."

ఓబులక్క తడిసిన పట్టుచీర కుచ్చిళ్ళు చూసుకుంటోంది. "మళ్ళీ ఎందుకు సారూ? నిమ్మకాయ నీళ్ళని ముందే చెప్తే తాగేదాన్ని గదా. దప్పికైతాంది," అంది.

నేను లేచి గోడ దగ్గరికి పోయాను. కాళ్ళ కింద ముంతల పెంకులు నలిగాయి. ఫోటో తలుపు కంటే పెద్దది. మధ్యలో నేను, నా పక్కన ఓబులక్క, అటువైపు మేకక్క. ముఖాల నిండా కోపం. ఎడమ చివరికి పోయాను. అత్త నిలబడింది అక్కడే. అక్కడ ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాకా చెయ్యి, ఆ చేతిలో కడవ మూతి. దాని తరువాత ఫోటో లేదు. సిమెంటు గోడే. సంచిలోంచి ఫోన్ తీసి దగ్గరగా ఆ చేతినే ఫోటో తీశాను.

వెనక నిలబడి ఉన్నాడాయన.

"సారూ, మా అత్త ఏది?"

"ఏ అత్త?"

"చివర నిలబడింది గదా. కడవ పట్టుకోని."

ఆయన ఒక కన్ను మూసి చూశాడు. గుర్తుకొచ్చింది. "ఆ అవ్వా! ఆమె నవ్వుతా ఉండె గదక్కా. పోరాటం ఫోటోలో ఒకరు నవ్వుతా ఉంటే ఎవరు నమ్ముతారు? అప్పుడే కోసేసినా. పేపరుకు పంపించే రోజే."

"ఇన్నేళ్ళ నుంచి అడుగుతన్నా. భద్రంగా ఉందన్నావు."

"భద్రంగానే ఉంది. అచ్చు వేసేటప్పుడు కోసినా గానీ రీలులో ఉంటది గదా."

"రీలు ఏది?"

ఆయన పైకి చూపించాడు. గది మధ్యలో పెద్ద దీపం వేలాడుతోంది. దాని చుట్టూ కత్తిరించిన రీలు ముక్కలు, పెళ్ళిపందిట్లో మామిడాకుల తోరణం లాగా, వరస మీద వరస. "నా పాత రీళ్ళన్నీ వీళ్ళకే ఇచ్చేసినా. ఎంత బాగా చేసినారు చూడు," అన్నాడు.

నేను బెంచీ ఎక్కాను. ఓబులక్క కింద పట్టుకుంది. ఒక్కొక్క ముక్కా వెలుతురుకు పెట్టి చూశాను. రీలులో తెల్లది నల్లగా, నల్లది తెల్లగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. అందరికీ నల్ల ముఖాలు, తెల్ల జుట్లు. అందరూ ముసలివాళ్ళే. పళ్ళు ఎక్కడున్నాయో, నోరు ఎక్కడుందో తెలియలేదు. వేడికి కొన్ని చుట్టుకుపోయాయి.

"కనపడిందా చెల్లా?" అంటోంది ఓబులక్క.

"సారూ, నువ్వు రా. నువ్వు తీసినవే గదా, నువ్వు చూస్తే తెలుస్తది. ఆ ఒక్క ముక్క కోసియ్యి," అన్నాను.

ఆ కొట్టు చూసుకునే ఆమె వచ్చి, "అమ్మా, దయచేసి ముట్టుకోవద్దు, అది డెకరేషన్," అంది, మర్యాదగానే. ఆయన కాస్త మాట సాయం చేస్తే ఇచ్చేదేమో. నేను ఆయన వైపు చూశాను. ఆయన మోకాలి మీద కూర్చుని, కింద నుంచి కెమెరా ఎత్తి పట్టుకున్నాడు.

"అట్లనే ఉండక్కా. కదలొద్దు. రీలు ముఖానికి ఇంకొంచెం దగ్గర పెట్టు. ఆ కళ్ళల్లో నీళ్ళు అట్లనే ఉండనీ."

నేను దిగాను. ఆయన రెండు వేళ్ళు నా గడ్డం వైపు చాపాడు. ఆ చేతిని కొట్టాను. గట్టిగానే కొట్టాను. ఆయన చెయ్యి దులుపుకుని, పక్కన నిలబడిన పెద్దమనిషితో, "చూసినారా, అసలైన మనుషులు," అన్నాడు.

మమ్మల్ని కారు దాకా దిగబెట్టి, "దీపం దించినప్పుడు వెతికి పంపిస్తాలే అక్కా," అన్నాడు. నేను కారెక్కి కూర్చున్నాను. ఓబులక్క, "మర్చిపోవద్దు నాయనా," అంది. ఆయనతో అదే చివరి మాట.

ఇంటికి వచ్చాక మా ఆయన ముందు ఫోన్ తీసుకున్నాడు. నేను తీసిన ఫోటో ఒక్కటే ఉంది. చెయ్యి, కడవ మూతి. పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు.

"ముఖం?"

"కోసేసినాడు."

"ఎందుకు?"

"నవ్విందంట."

ఫోన్ మళ్ళీ కంటి దగ్గరికి పట్టుకున్నాడు. తరువాత, "ఇది అమ్మ చెయ్యేనా?" అన్నాడు. నేను అవునన్నాను. నాకైనా ఖాయంగా ఎట్లా తెలుసు? ఆ చివర నిలబడింది ఆమె కాబట్టి ఆమె చెయ్యే అయి ఉండాలి.

ఆ కొట్టు సంవత్సరం కూడా నడవలేదట. ఇప్పుడు దాన్ని ఓడ లాగా మార్చారట, లోపలికి పోతే సముద్రంలో ఉన్నట్టుంటుందట. ఫోటో సారు పోయాడని తెలిశాక ఓబులక్క మనవడి చేత ఫోన్ చేయించి దీపం గురించి అడిగించాను. ఏ దీపం అన్నారు.

ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన అడిగాడు. "ఏమే, అమ్మకు ముక్కుపుడక ఏ పక్కన ఉండె?"

"ఎడమ పక్క."

"కాదు, కుడి పక్క. నన్నెత్తుకుంటే నా చెంపకు గుచ్చుకునేది."

"నాకు బాగా గుర్తు. ఎడమ పక్కే."

పొద్దున్నే ఇద్దరం ఓబులక్క దగ్గరికి పోయి అడిగాం. ఓబులక్క పళ్ళు తోముకోవడం ఆపి ఆలోచించింది.

"అసలు ముక్కుపుడక ఉండెనా ఆమెకు?" అంది.

మా ఆయన అక్కడి నుంచి లేచి గొర్రెల దొడ్డి వైపు వెళ్ళిపోయాడు.

ఆ తరువాత నేను కాగితం ముందు పెట్టుకుని అత్తను రాయాలని కూర్చున్నాను. ఆమె మాటలు వచ్చాయి. ఆమె నవ్వు చప్పుడు వచ్చింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కళ్ళు మూసుకుని ఎంతసేపు కూర్చున్నా వచ్చింది ఫోటో సారు ముఖమే. కుడి కనుబొమ్మను రెండు చేసిన గాటు, కింది పెదవి మీద పుట్టుమచ్చ, సగం మూసిన కంటి రెప్ప మీద వణికే నరం. ఒక్కటీ తప్పిపోలేదు. ముప్పై ఏళ్ళుగా నేను అడిగిన ముఖం అది కాదు. నా దగ్గర మిగిలింది మాత్రం అదే.